పేరు లేని మనిషి రూపచిత్రం

రూపచిత్రం పుట్టుకతోనే ఆస్తిపరుల కళ. బొమ్మ వేయించుకోవడానికి డబ్బుండాలి, వేలాడదీయడానికి గోడ ఉండాలి, ఆ గోడ ముందు నిలబడి ‘వీరు మా తాతగారు’ అని చెప్పుకునే వారసులుండాలి. యూరప్‌లో మొదట రాజులూ మతాధిపతులూ వేయించుకున్న బొమ్మల్నే తర్వాత వర్తకులు వేయించుకున్నారు. భంగిమ మారలేదు, కుర్చీలో మనిషి మారాడు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో రాతి అచ్చు వ్యాపించాక ఈ పరిస్థితి తలకిందులైందని కొందరు కళాచరిత్రకారులు రాస్తారు. సెనెఫెల్డర్ అనే ఆయన 1790ల చివర బవేరియాలో కనిపెట్టిన పద్ధతి అది. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో గీస్తారు. రాయిని తడిపి సిరా పూస్తే జిడ్డున్నచోట అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటుకోదు. రాగిరేకు మీద రోజుల తరబడి చెక్కే పని తప్పింది. చిత్రకారుడు కాగితం మీద గీసినంత సులువుగా రాయి మీద గీసేవాడు, కొద్దిరోజుల్లో బొమ్మ వీధిలో ఉండేది. బొమ్మ చవకయింది, నిజమే. అంతమాత్రాన సామాన్యుడు బొమ్మలోకి వచ్చేశాడా? వస్తే ఏ వేషంలో వచ్చాడు? ఈ ప్రశ్న వేసుకోకుండా కళ ప్రజల పరమైందని సంబరపడటం తొందరపాటు.

ఒక్క 1834 సంవత్సరం తీసుకుందాం. ఫ్రాన్సులో అప్పుడు లూయీ ఫిలిప్ రాజ్యం. 1830 జులైలో పారిస్ జనం వీధుల్లో ప్రాణాలిచ్చి పాత రాజవంశాన్ని దింపేస్తే, బ్యాంకర్లు తమకు అనుకూలమైన కొత్త రాజును గద్దె మీద కూర్చోబెట్టుకున్నారు. ఆ ఏడాది త్రావియెస్ అనే చిత్రకారుడు లియార్ అనే చిత్తుకాగితాలవాణ్ణి రాతి అచ్చులో వేశాడు. ‘వేదాంతి’ అని బొమ్మ కింద బిరుదు. లియార్ అంటే ఆ దేశంలో చిల్లర నాణెం పేరు కూడా. బొమ్మ కింద పేరుంది కాబట్టి అది రూపచిత్రమే, కాదనలేం. కానీ అతన్ని బొమ్మలోకి రానిచ్చింది దేనికి? వింతమనిషి కాబట్టి. గంప వీపున వేసుకుని రాత్రంతా గుడ్డపీలికలు ఏరుకునే వేలమందిలో ఒకడుగా అతనికి బొమ్మ దక్కలేదు, వాళ్లలో విడ్డూరమైనవాడుగా దక్కింది. ఇంకో సంగతి. ఆ రోజుల్లో కాగితం గుడ్డపీలికలతోనే తయారయ్యేది. చిత్తుగుడ్డలవాళ్లు ఏరి తెచ్చిన సరుకు మీదే చిత్తుగుడ్డలవాడి బొమ్మ అచ్చయింది. ఈ ముడిసరుకు సంగతి కళావిమర్శలో ఎవరికీ గుర్తుండదు.

అదే 1834 మార్చి సంచికకు ఒనొరే దోమియే ఇంకో సామాన్యుణ్ణి వేశాడు. అతను ప్రెస్సు కార్మికుడు. తలమీద టోపీ, మోచేతుల పైకి మడిచిన చొక్కా, బిగించిన పిడికిళ్లు, విడిగా తన్ని నిలబడ్డ కాళ్లు. అతని కాళ్ల కింద నేలమీద ‘పత్రికా స్వేచ్ఛ’ అన్న మాటలు చెక్కి ఉంటాయి. వెనక ఒకవైపు 1830లో పదవి పోయిన పదో చార్లెస్ స్పృహతప్పి పడి ఉంటాడు, ఇంకోవైపు గొడుగు ఝుళిపిస్తూ లూయీ ఫిలిప్. దీని జోలికి రావద్దని శీర్షిక హెచ్చరిస్తుంది. ఈ బొమ్మను మనం వెంటనే ప్రేమిస్తాం. మన పత్రికల అట్టల మీద, మహాసభల గోడపత్రికల మీద దశాబ్దాలుగా చూస్తూ వస్తున్న మనిషి ఇతనే. కొడవలో, సుత్తో, కలమో పట్టుకుని ఉంటాడు, పిడికిలి మాత్రం అదే. దోమియే కార్మికుడు మంచి బొమ్మ, అందులో సందేహం లేదు. బలమైన గీత, నిటారైన శరీరం, శత్రువు ఎంత చిన్నగా కనపడాలో అంత చిన్నగా కనపడతాడు. కానీ ఆ కార్మికుడెవరు? ఎవరూ కాదు. అతను పత్రికా స్వేచ్ఛ అనే భావానికి తొడిగిన శరీరం.

ఒకడు వింతమనిషిగా బొమ్మకెక్కాడు, ఇంకొకడు ప్రతీకగా ఎక్కాడు. ఆ ఏడే దోమియే వేసిన మూడో మనిషి ఈ రెండింటిలో ఎందులోనూ ఇమడడు. ఈ వ్యాసం అతని గురించి.

బొమ్మ పేరు ‘త్రాన్స్‌నొనేన్ వీధి, 15 ఏప్రిల్ 1834’. అడుగున్నర వెడల్పు కూడా లేని కాగితం. చిన్న గది. మధ్యలో, మంచానికి వీపు చేరగిలపడి, ఒక మనిషి చచ్చిపడి ఉన్నాడు. పక్కదుప్పటి అతనితో పాటే కిందికి జారింది. రాత్రి పడుకునేటప్పుడు వేసుకునే పొడుగు చొక్కా తొడలమీదికి లేచిపోయింది, కాళ్లు బోసిగా ఉన్నాయి. తలమీద నూలు టోపీ అలాగే ఉంది. అతని ఒంటి కింద పసిబిడ్డ నలిగిపోయి ఉంది, దాని తలా భుజాలూ మాత్రం కనపడతాయి. ఎడమవైపు చీకట్లో ఒక స్త్రీ శవం. కుడివైపు అంచున ఒక ముసలివాడి తల, మిగతా ఒళ్లు బొమ్మ అంచు కోసేసింది. తిరగబడ్డ కుర్చీ. నేలమీద రక్తం. ఇంతే. చంపినవాడు బొమ్మలో లేడు.

జరిగింది క్లుప్తంగా చెప్పాలి. 1834 ఏప్రిల్ 10న సంఘాల మీద ఉక్కుచట్టం వచ్చింది. చిన్నచిన్న శాఖలుగా విడిపోయి చట్టాన్ని తప్పించుకునే వీలు కూడా లేకుండా ప్రభుత్వం దారులన్నీ మూసింది. అప్పటికే లియోన్ పట్టు నేతకార్మికులు తిరగబడి సైన్యంతో తలపడుతున్నారు. ఆ వార్తలకు ఏప్రిల్ 13న పారిస్‌లోనూ కొన్ని వీధుల్లో అడ్డుగోడలు లేచాయి. హోంమంత్రి అడోల్ఫ్ తియేర్. మర్నాటికి తిరుగుబాటు దాదాపు అణిగిపోయింది. 14వ తేదీ తెల్లవారుజామున త్రాన్స్‌నొనేన్ వీధిలో 12వ నెంబరు ఇంట్లోకి 35వ పదాతిదళం సైనికులు చొరబడ్డారు. ఆ ఇంట్లోంచి ఎవరో తమ అధికారిని కాల్చారని వాళ్ల మాట. అంతస్తు తర్వాత అంతస్తు, గది తర్వాత గది ఎక్కి దొరికినవాళ్లను దొరికినట్టు చంపారు. పన్నెండుమంది చనిపోయారని ఎక్కువగా చెప్పే లెక్క. అందులో కాపురమున్నవాళ్లు చేతిపనివాళ్లూ, చిన్నచిన్న వృత్తులవాళ్లూ. యువ న్యాయవాది లెద్రూ రొలాన్ బతికి బయటపడ్డవాళ్ల వాంగ్మూలాలు సేకరించి అదే సంవత్సరం పుస్తకంగా వేశాడు. 1835లో పీర్ల సభ ముందు పెద్ద విచారణ జరిగింది. చంపినవాళ్ల మీద కాదు, ఏప్రిల్ తిరుగుబాటుదారుల మీద.

దోమియేకు అప్పుడు ఇరవయ్యారేళ్లు. మార్సెయ్‌లో అద్దాలు బిగించే పనివాడి కొడుకు. రాజును ప్రజల సొమ్ము మింగే రాక్షసుడిగా వేసినందుకు 1832లో జైలుకు వెళ్లాడు. పత్రిక యజమాని ఫిలిపాన్ మీదా కేసుల మీద కేసులు. ఆ జరిమానాలు కట్టడానికే ఫిలిపాన్ నెలనెలా చందాదారులకు ఒక పెద్ద బొమ్మ ఇచ్చే పథకం పెట్టాడు. ప్రెస్సు కార్మికుడి బొమ్మ అందులో ఇరవయ్యోది, త్రాన్స్‌నొనేన్ వీధి బొమ్మ ఇరవైనాలుగోది, చివరిది. ఒబేర్ దుకాణం ద్వారా బయటికొచ్చింది. పోలీసులు రాయిని పట్టుకున్నారు, దొరికిన ప్రతుల్ని నాశనం చేశారు. మిగిలినవి కొద్ది.

ఇక అసలు విషయం. ఈ చచ్చిపోయిన మనిషి బొమ్మ రూపచిత్రమేనా? కళాశాలల్లో చెప్పే నిర్వచనం ప్రకారం కాదు. కూర్చుని వేయించుకోలేదు. పోలిక సరిపోయిందో లేదో చెప్పేవారు లేరు. కింద పేరు లేదు. దోమియే ఆ గదిలోకి తొంగిచూసి గీశాడని కూడా అనుకోనక్కర్లేదు. ఇది కూర్చిన బొమ్మ, అందులో ప్రతి వస్తువూ ఆలోచించి పెట్టిందే. అయినా నేను దీన్ని రూపచిత్రమనే అంటాను. ఎందుకంటే ఈ శరీరం బరువు ఇంకెవరిదీ కాదు. దోమియే అప్పటికి రెండేళ్లుగా చట్టసభ సభ్యుల తలకాయల్ని మట్టితో చేసుకుంటూ, వాటిని చూసి బొమ్మలు గీస్తున్నాడు. అలాంటి 36 మట్టి తలలు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. ఉబ్బిన బుగ్గలు, మూతబడే కళ్లు, వేలాడే పెదవులు. వాళ్లందరినీ 1834 జనవరిలో ‘శాసనసభ పొట్ట’ అనే బొమ్మలో వరసలుగా కూర్చోబెట్టాడు. అందరికీ పేర్లున్నాయి, అందరి పోలికలూ చూసినవాళ్లు గుర్తుపట్టేవారు. అయినా ఒక్కడిలో మనిషి లేడు. ఉన్నది పదవి, పొట్ట, కునికిపాటు. (రాజుగారి ముఖాన్ని ఫిలిపాన్ ఏకంగా బేరిపండుగా మార్చేశాడు, ఆ తర్వాత పారిస్ గోడల మీద ఎక్కడ పండు గీసినా రాజద్రోహమే అయింది.) పేరున్నవాళ్ల బొమ్మలు తొడుగులయ్యాయి, పేరు లేనివాడి బొమ్మ మనిషయింది. దోమియే ఈ తలకిందుల పనిని ఆరునెలల వ్యవధిలో, అదే సుద్దతో చేశాడు.

అతని తలమీది నూలు టోపీనే చూడండి. ఆ కాలపు ఫ్రెంచి వ్యంగ్యచిత్రంలో నూలు టోపీ కనిపిస్తే నవ్వాలి. అది నిద్రమొహం సంసారి గుర్తు. దోమియే కూడా తర్వాత రోజుల్లో మొగుడూపెళ్లాల బొమ్మల్లో ఆ టోపీతో బోలెడు హాస్యం చేశాడు. ఇక్కడ అదే టోపీ ఉంది, నవ్వు లేదు. టోపీని తీసేసి తలకు గంభీరమైన జుట్టు పెడితే బొమ్మ ఎంత అబద్ధంగా తయారయ్యేదో ఊహించండి. దావీద్ 1793లో చనిపోయిన మారాను వేసినప్పుడు చేతిలో ఉత్తరం, కింద కత్తి, పక్కన చెక్కపెట్టె మీద మారా పేరు, తన పేరు పెట్టాడు. విప్లవానికి అమరవీరుడు కావాలి, దావీద్ ఇచ్చాడు. దోమియే ఆ సంప్రదాయం ఎరగనివాడు కాడు. పడిన శరీరం మీద వెలుతురు నింపడం, చుట్టూ చీకటి ఉంచడం ఆ పాఠశాలదే. అక్కడ నేర్చుకున్న పనితనాన్ని తెచ్చి, నిద్రలోంచి లేవగొట్టి చంపిన మనిషి చొక్కా మీద పెట్టాడు. ఆ చొక్కా తెలుపు చాలావరకు గీసింది కాదు, సుద్ద తగలకుండా వదిలేసిన రాయి. చుట్టూ ఉన్న బూడిదరంగంతా శ్రమపడి గీసింది.

ఈ బొమ్మలో ఆయుధం లేదు. బొమ్మ వాదమంతా ఈ ఒక్క లేమి మీద నిలబడి ఉంది. ప్రభుత్వం చెప్పిందేమిటి? ఇంట్లోంచి తుపాకీ పేలింది, అందుకే చొరబడ్డాం అని. దోమియే తలుపు తెరిచి గది చూపిస్తాడు. మంచం, దుప్పటి, కుర్చీ, పసిబిడ్డ. తుపాకీ ఎక్కడ? బొమ్మ ఏడవదు, అరవదు, పంచనామా రాస్తుంది. శీర్షిక కూడా పంచనామా శీర్షికే: స్థలం, తేదీ. రూపచిత్రం కింద మనిషి పేరు ఉండవలసిన చోట వీధి పేరుంది. ఆ ఇంటి మృతుల పేర్లు దోమియేకు దొరకనివి కావు, లెద్రూ రొలాన్ పుస్తకం నిండా ఉన్నవి అవే. వాటిలో ఒకటి తీసి రాసి ఉంటే ఈ మనిషి ఒక కుటుంబం దుఃఖంగా మిగిలేవాడు. వీధి పేరు రాయడంతో ఆ వీధిలో ఆ రాత్రి ఎవరు పడుకున్నా ఈ మంచం పక్కనే పడి ఉండేవారన్న సంగతి చూసేవాడికి తగులుతుంది.

బోదలేర్ 1857లో ఫ్రెంచి వ్యంగ్య చిత్రకారుల మీద రాస్తూ ఇది వ్యంగ్యచిత్రం కాదు, చరిత్ర అన్నాడు. ఫిలిపాన్ కూడా అచ్చయిన రోజుల్లోనే దాదాపు ఆ మాటే రాశాడు. ఆ మాట నిజం. కానీ బోదలేర్ ఆ గదిని శ్రామికుడి గది అనేశాడు, చచ్చిపోయినవాణ్ణి కార్మికుడన్నాడు. అక్కడ కొంచెం ఆగాలి. బొమ్మలో అతని వృత్తి చెప్పే పనిముట్టు ఒక్కటీ లేదు. రాత్రి చొక్కాలో మనిషి ఏ పనివాడో ఎవరు చెప్పగలరు? బోదలేర్ కార్మికుణ్ణి చూశాడంటే ఆ గది పేదరికం చూసి. మనం చూస్తామంటే చూడాలని ఉండి.

మన విమర్శకు కూడా ఇక్కడొక పరీక్ష ఉంది. అభ్యుదయ సాహిత్య గోష్ఠుల్లో తరచు వినపడే అభ్యంతరం ఒకటుంది: ఈ మనిషి పోరాడటం లేదు కదా, పడిపోయాడు కదా, పీడితుణ్ణి నిస్సహాయుడిగా చూపడం బూర్జువా జాలిగుణం కాదా అని. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, దాని వెనక ఎంగెల్స్ ఉన్నాడు. మార్గరెట్ హార్క్‌నెస్ నవల గురించి 1888లో రాసిన ఉత్తరంలో, అందులో కార్మికవర్గం తనకు తాను సాయం చేసుకోలేని జడమైన గుంపుగా కనిపిస్తోందని ఆయన తప్పుపట్టాడు. ప్రాతినిధ్య పాత్రల్ని ప్రాతినిధ్య పరిస్థితుల్లో చూపాలన్న మాట కూడా ఆ ఉత్తరంలోదే. మన విమర్శకులు ఆ రెండో సగాన్ని, పరిస్థితుల్ని, వదిలేసి మొదటి సగాన్నే పట్టుకున్నారు. అలా పట్టుకోవడం వల్లే మన కథల్లో రైతు ఎప్పుడూ ఒకే రైతు, కూలీ ఒకే కూలీ. పదోపేజీ కల్లా చైతన్యం వచ్చేస్తుంది, ఆఖరిపేజీలో పిడికిలి లేస్తుంది. అతని ఇంట్లో మంచం ఏ వైపు ఉందో రచయితకు తెలియదు.

1834 ఏప్రిల్ 14 తెల్లవారుజామున ప్రాతినిధ్య పరిస్థితి ఏమిటి? పోరాటం వీధిలో జరిగింది, ఓడింది. ఆ తర్వాత రాజ్యం పోరాడినవాణ్ణీ పడుకున్నవాణ్ణీ తేడా చూడకుండా చంపింది. పోరాడనివాణ్ణి చంపడం పాలకుల పొరపాటు కాదు, అది పాఠం చెప్పే పద్ధతి. ఈ నిజాన్ని పిడికిలి బిగించిన ప్రెస్సు కార్మికుడు చెప్పలేడు. అతని చేతిలో తుపాకీ పెడితే బొమ్మ ప్రభుత్వ కథనానికి సాక్ష్యమయ్యేది! మంచం పక్కన పడిన ఈ మనిషి ఏ పక్షమో తెలియకపోవడమే ఆ రాజ్యం ఏ పక్షమో తెలియజేస్తుంది. ఎంగెల్స్ తప్పుపట్టిన జడత్వం నవల పొడుగునా సాగే జడత్వం. దోమియే చేతిలో ఉన్నది ఒక్క క్షణం, అదీ హత్య జరిగిపోయాక.

ఇంకో పక్క నుంచి మానవతావాదులు వస్తారు. ఇది ఏ దేశానికైనా ఏ కాలానికైనా వర్తించే విశ్వజనీన దుఃఖమంటారు. వాళ్లకు జవాబు పెద్దగా అక్కర్లేదు, బొమ్మ కింద తేదీ ఉంది, చదువుకోవచ్చు. పోలీసులు విశ్వజనీన దుఃఖం కోసం రాళ్లు పట్టుకుపోరు.

అయితే ఈ బొమ్మకు ఒక హద్దుంది, అది ఒప్పుకోవాలి. నెలనెలా చందా కట్టి బొమ్మలు తెప్పించుకున్నది త్రాన్స్‌నొనేన్ వీధి ఇళ్లవాళ్లు కాదు, అక్షరాస్యులైన రిపబ్లికన్ మధ్యతరగతి. సామాన్యుడి రూపచిత్రం సామాన్యుడి గోడ మీదికి వెళ్లలేదు. దుకాణం అద్దంలో ఉన్నన్నాళ్లు దారినపోయేవాళ్లు చూసి ఉంటారు, అంతవరకే. పైగా దారి త్వరలోనే మూసుకుపోయింది. 1835 జులైలో రాజు మీద హత్యాప్రయత్నం జరిగింది, దాన్ని సాకుగా పెట్టుకుని సెప్టెంబరు చట్టాలు తెచ్చారు. బొమ్మ అచ్చు వేయాలంటే ముందే అనుమతి కావాలన్నారు. ఫిలిపాన్ ‘లా కారికతూర్’ ఆగిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు దోమియే రాజకీయాలు గీయలేక వకీళ్లనూ, అద్దె ఇళ్ల యజమానులనూ, స్నానాలరేవు సంసారులనూ గీస్తూ బతికాడు. 1840 నుంచి ‘ఫ్రెంచివారు తమను తాము చిత్రించుకున్నట్టు’ లాంటి భారీ సంపుటాలు వచ్చాయి. పాలమ్మి, కిరాణావాడు, దర్జీపిల్ల, ఇంటి కాపలామనిషి, ఒక్కొక్కరికీ ఒక బొమ్మ, ఒక వ్యాసం. సామాన్యుడు ఇప్పుడు గుంపులు గుంపులుగా బొమ్మలకెక్కాడు, సీతాకోకచిలుకల్లా గుండుసూదికి గుచ్చబడి. చట్టం ఏ మనిషిని గీయనివ్వలేదో, మార్కెట్టు ఏ మనిషిని అమ్ముకుందో పక్కపక్కన పెట్టి చూడాలి. దోమియే జీవితమంతా కలిపి నాలుగువేల రాళ్ల దాకా గీశాడు. మూడోతరగతి రైలుపెట్టెలో కూర్చున్న తల్లీ, ముసలమ్మా, నిద్రపోయే కుర్రాడూ ఉన్న 1860ల తైలచిత్రాల్లో మాత్రం ఆ పాత చూపు మళ్లీ కనిపిస్తుంది.

ఆ ఇంటి హత్యలకు తాను బాధ్యుణ్ణి కానని జనరల్ బ్యూజో చెప్పుకున్నా, పారిస్ జనం ఆ వీధి పేరును ఆయన పేరుకు తగిలించి వదల్లేదు. 1840 చివర ఆయన్ని అల్జీరియాకు గవర్నర్ జనరల్‌గా వేశారు. 1845లో ఆయన కింద పనిచేసే కల్నల్ పెలిసియే దహ్రా గుహల్లో తలదాచుకున్న ఒక తెగవాళ్లను, ఆడవాళ్లతో పిల్లలతో సహా, మంటబెట్టి పొగతో చంపాడు. ఆ గుహల్లోకి తలుపు తెరిచి చూపించే దోమియే వాళ్లకు లేడు. త్రాన్స్‌నొనేన్ వీధి 1851లో బోబూర్ వీధిలో కలిసిపోయింది, ఆ పేరుతో పారిస్‌లో వీధి లేదు.

హోంమంత్రి తియేర్ మాత్రం ఉన్నాడు. 1871లో ప్రభుత్వాధినేతగా వచ్చి పారిస్ కమ్యూన్‌ను నెత్తుట ముంచాడు. ఆ ఏడు ఎదువార్ మానే ‘అంతర్యుద్ధం’ అని ఒక రాతి అచ్చు వేశాడు, 1874లో బయటికొచ్చింది. కూలిన అడ్డుగోడ రాళ్ల పక్కన యూనిఫారంలో ఉన్న నేషనల్ గార్డు చచ్చిపడి ఉంటాడు, చేతిలో తెల్లగుడ్డ. ఆ శవాన్ని చాలామంది వర్ణించారు. కుడివైపు కింది మూల కూడా చూడాలి. అక్కడ బొమ్మ అంచు కోసేయగా మిగిలిన రెండు కాళ్లుంటాయి, చారల పంట్లాంతో. యూనిఫారం కాదు, మామూలు మనిషి వేసుకునే పంట్లాం.